బిళ్లల మీద నింద

మా వీధిలో ఎవరికి షుగరు బయటపడినా మొదట అందే సలహా ఇదే: "ఇంగ్లీషు మందులు మొదలెట్టకు, కిడ్నీలు పోతాయి." సాక్ష్యమూ సిద్ధంగా ఉంటుంది. ఫలానా బాబాయి పదేళ్లు బిళ్లలు మింగాడు, ఇప్పుడు డయాలసిస్‌కి తిరుగుతున్నాడు.

బాబాయి మింగిన బిళ్లల లెక్క అందరికీ తెలుసు. ఆ పదేళ్లూ ఆయన షుగరు ఎంతలో ఉందంటే మాత్రం ఎవరూ నోరు మెదపరు. షుగరు ఏళ్ల తరబడి అదుపు తప్పితే కిడ్నీలోని సన్నటి వడపోత నాళాలు దెబ్బతిని, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం మొదలవుతుంది. నొప్పి ఉండదు కాబట్టి పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. కిడ్నీ బాగా నీరసించాక డాక్టరు షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్‌ను ఆపేస్తాడు. ఒంట్లోంచి ఆ మందును బయటికి పంపాల్సింది కిడ్నీయే, ఇక దానికా శక్తి లేదు గనక. మనవాళ్లకు అర్థమయ్యేది వేరు: "చూశావా, డాక్టరే మాన్పించాడు!"

కొత్త మందుల దగ్గర ఈ అపవాదు మరీ తలకిందులు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఎక్కువైన చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి, వడపోత మీద ఒత్తిడీ తగ్గిస్తాయి. 2020లో ఫలితాలు వెలువడిన డాపా-సీకేడీ పరిశోధనలో 4304 మంది కిడ్నీ రోగులున్నారు, వారిలో మూడింట రెండొంతుల మంది షుగరు ఉన్నవాళ్లే. కిడ్నీ సగానికి పైగా క్షీణించడం, పూర్తిగా పోవడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే మందు వాడినవాళ్లలో ముప్పు 39 శాతం తగ్గింది. మేలు అంత స్పష్టంగా కనబడేసరికి పరిశోధనను గడువుకు ముందే ముగించారు. 2024లో వెలువడిన మరో పరిశోధనలో సెమాగ్లూటైడ్ ఇంజెక్షనూ కిడ్నీ ముప్పును 24 శాతం తగ్గించింది.

చెట్టు మందయితేనే నమ్ముతామంటారా? డాపాగ్లిఫ్లోజిన్‌కు మూలమైన ఫ్లోరిజిన్‌ను 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచే తీశారు.

ఖరీదన్న సాకూ పలచబడింది. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో, అదే కోవకు చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లో ముగిశాక ధరలు బాగా దిగాయి.

ఇబ్బందులు లేవని కాదు. మూత్రద్వారం దగ్గర ఫంగస్ రావచ్చు. కటిక ఉపవాసాలప్పుడు, వాంతులప్పుడు, ఆపరేషన్ ముందు డాక్టరును అడిగి ఆపాలి. అన్నీ అందరికీ సరిపడవు కూడా.

ఇంతకీ షుగరు బిళ్లంటే అంత భయపడే మా వీధివాళ్లే మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో చీటీ లేకుండా డైక్లోఫెనాక్ పట్టీలు తెచ్చుకుని నెలల తరబడి మింగుతారు. నిజంగా కిడ్నీని దెబ్బతీయగల బిళ్లలవి. వాటి సంగతి బాబాయిని ఎవరూ అడగలేదు.