ముందు నడిచేవాడు



మైదుకూరు, దువ్వూరు, ఖాజీపేట ప్రాంతాల పల్లెల్లో ఇంటర్మీడియట్ ముగించిన కుర్రవానికి కనబడే దారులు కొన్నే. కె.సి. కెనాలుకు నీళ్ళు వస్తే వరి, పసుపు. రాకపోతే బెంగళూరు, లేదా కువైట్ వీసా. ఇంకొకటి సైన్యం. తెల్లవారుజామున ప్రొద్దుటూరు రోడ్డు మీద పరుగులు తీసే పిల్లలను చూడనివారు మనలో తక్కువ. వారిలో మన సంఘాల బిడ్డలూ ఉన్నారు. అయితే దాదాపు అందరూ పరుగెత్తేది జవాను ఉద్యోగం కోసమే. 2022 నుండి అది అగ్నివీర్ అయింది. నాలుగేండ్ల కొలువు, ఆ తరువాత నూటికి ఇరవై ఐదుగురికి మించకుండా కొనసాగింపు. అదే సైన్యంలో అధికారిగా చేరే దారి ఒకటున్నదని, అది కేవలం పెద్దింటి బిడ్డల కోసం పరచినది కాదని మన ఇండ్లలో చెప్పేవారు లేరు. ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాను.

పదహారున్నర ఏండ్లు మొదలు పందొమ్మిదిన్నర లోపు వయసున్న, పెండ్లికాని పిల్లలు ఇంటర్మీడియట్‌తోనే పూణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీకి పరీక్ష వ్రాయవచ్చు. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపు చదివినా సరే. వైమానిక, నౌకా దళాలకు మాత్రం లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉండాలి. యూపీఎస్సీ వారు ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడతారు. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. మన పిల్లలకు మొదటి గోడ ఇదే. అక్కడ చదువు, తిండి, బస ఖర్చు ప్రభుత్వానిదే. చేతి ఖర్చుకు మాత్రం ఇంటినుండి కొంత పంపాలి, చేరేటప్పుడు కొంత డిపాజిట్టు కట్టాలి. బిడ్డ తనంతట తాను మధ్యలో మానుకొని వచ్చేస్తే శిక్షణ ఖర్చు తల్లిదండ్రులు తిరిగి కట్టవలసి వస్తుంది. సంతకం పెట్టేముందు ఈ మాట గుర్తుంచుకోండి.

వ్రాతపరీక్ష గట్టెక్కిన తరువాత అసలు జల్లెడ మొదలవుతుంది. సర్వీస్ సెలక్షన్ బోర్డు అంటారు. మనకు దగ్గరలో ఉన్న కేంద్రం బెంగళూరులోనిది. అయిదు రోజుల పరీక్ష. మొదటి రోజే చాలామందిని ఇంటికి పంపివేస్తారు. మిగిలినవారికి చొక్కా మీద ఒక నంబరు తగిలిస్తారు. అది మొదలు పరీక్షలు ముగిసేదాకా మైదానంలో ఆ బిడ్డకు పేరు లేదు, ఊరు లేదు, కులం లేదు. ఉన్నది నంబరే. ఈ మాట వ్రాస్తుంటే నాకు కొంచెం సంతోషం కలుగుతున్నది, దాచుకోను. మన పల్లెల్లో బిడ్డ పేరు చెప్పగానే ఏ వీధివాడో అడిగే అలవాటు ఇంకా పోలేదు గదా. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశంలో రిజర్వేషన్లు లేవు. అందువలన తక్కువ మార్కులతో వచ్చినవాడన్న మాట కూడా ఎవరూ అనలేరు.

అక్కడ ఏమి చూస్తారు? ఒక బొమ్మ చూపించి కథ వ్రాయమంటారు. ఎనిమిది, పదిమందిని ఒక జట్టుగా చేసి కొన్ని దుంగలు, పలకలు, ఒక తాడు ఇచ్చి, మధ్యనున్న ఖాళీని కాళ్ళు నేలకు తగలకుండా దాటమంటారు. ఎవరినీ నాయకుడని నియమించరు. ఎవడు అరుస్తున్నాడో, ఎవడు పక్కవాని మాట వింటున్నాడో, చివర మిగిలిపోయినవానికి ఎవడు చేయి అందిస్తున్నాడో చూస్తూ ఒక అధికారి నిశ్శబ్దంగా వ్రాసుకుంటాడు.

న్యాయాధిపతుల గ్రంథము ఏడవ అధ్యాయము మన సండేస్కూలు పిల్లలకు కంఠస్థమే. గిద్యోను దగ్గర ముప్పది రెండు వేలమంది చేరారు. భయపడేవారు వెళ్ళవచ్చునంటే ఇరవై రెండు వేలమంది వెళ్ళిపోయారు. మిగిలిన పదివేలమందిని నీళ్ళ యొద్దకు తీసుకొనిపోయి వారు ఎలా త్రాగుతారో చూచిన తరువాత మిగిలినవారు మూడు వందలమంది. తాము పరీక్షింపబడుతున్నామని వారికి తెలియదు. దాహం వేసింది, త్రాగారు, అంతే. సెలక్షన్ బోర్డులో కూడా కోచింగు సెంటరులో బట్టీపట్టిన జవాబులు అయిదు రోజులు నిలబడటం కష్టం. ఇంట్లో అన్నాదమ్ముల మధ్య, పొలంలో కూలీల మధ్య, సంఘంలో యువజన కూటమిలో ఎలా నడుచుకుంటాడో అక్కడా అలాగే నడుచుకుంటాడు. ఒకసారి తప్పినవాడు వయసున్నంతవరకు మరల వెళ్ళవచ్చు.

ఇక లోపలి జీవితం. అకాడమీకి 1949లో నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. 1955 జనవరిలో ప్రారంభోత్సవం జరిగింది. మూడేండ్లు, ఆరు టర్ములు. కేడెట్లను పద్దెనిమిది స్క్వాడ్రన్లుగా విభజిస్తారు. మొదటి రోజుల్లో జుట్టు తీసివేస్తారు, ఒకే రకం బట్టలు ఇస్తారు. కలెక్టరు కొడుకు, కౌలు రైతు కొడుకు ఒకే వరుసలో నిలబడి బూట్లకు పాలిష్ పట్టుకుంటారు. తరగతినుండి తరగతికి సైకిళ్ళమీద వరుస కట్టి పోతారు. తెల్లవారకముందే లేవటం, పరేడు, వ్యాయామం, ఆ తరువాత డిగ్రీ చదువు, సాయంత్రం ఆటలు, రాత్రి మరల పుస్తకాలు. ఈత రానివాడు ఈత నేర్చుకోవాలి, గుర్రం ఎక్కనివాడు ఎక్కాలి. మన ప్రాంతపు బిడ్డలకు ఈత గురించి ప్రత్యేకంగా చెప్పాలి, వానలే లేని చోట ఈత ఎక్కడ నేర్చుకుంటారు? బావి ఉన్నవారు ముందే నేర్పించండి. డ్రిల్లు పరీక్ష నెగ్గేంతవరకు ఆదివారం బయటకు వెళ్ళే సెలవు కూడా దొరకదు.

చదువులోగాని, శరీర పరీక్షలోగాని తప్పితే ఒక టర్ము వెనక్కు వేస్తారు. తోటివారు ముందుకు వెళ్ళిపోతుంటే తాను ఆరు నెలలు క్రిందివారితో కలిసి నడవాలి. పరుగులు, ఎండ, నిద్రలేమి శరీరాన్ని అలసగొడతాయి గాని ఇది మనస్సును తాకుతుంది. అదే సమయంలో గొప్ప మేలు కూడా చేస్తుంది. ఓడిపోయినవానిని చులకన చేయరాదని నేర్చుకొనేది సాధారణంగా ఓడిపోయినవాడే.

అపాయం లేదని చెప్పను. శిక్షణలో గాయపడి, వికలాంగులై ఇంటికి పంపబడిన కేడెట్లు దేశంలో వందలలో ఉన్నారు. కమిషన్ పొందకముందే గాయపడినందువలన మాజీ సైనికులన్న గుర్తింపు వారికి లేకుండా పోయింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని చేపట్టిన తరువాతనే వారి అగచాట్లు దేశానికి తెలిశాయి. ఇది చాలా ఆలస్యంగా జరిగిన న్యాయమని నా అభిప్రాయం.

ఖడక్‌వాస్లా తరువాత ఆర్మీవారు మరొక సంవత్సరం డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఉంటారు. 1932లో నలభైమందితో మొదలైన సంస్థ అది. దానిని ప్రారంభించిన ఫీల్డ్ మార్షల్ చెట్‌వుడ్ ఆనాడు చెప్పిన మూడు మాటలు అక్కడి హాలులో చెక్కబడి ఉన్నాయి. దేశము యొక్క క్షేమము, గౌరవము ముందు. నీ చేతిక్రింది మనుష్యుల క్షేమము తరువాత. నీ సుఖము, నీ భద్రత అన్నిటికంటె చివర. భావం ఇది. అందుకే సైన్యంలో జవాన్లకు అన్నం అందిందో లేదో చూచిన తరువాతనే అధికారి పళ్ళెం పట్టాలంటారు. దావీదు ఇంట్లో సుఖంగా ఉన్న దినాలలో హిత్తీయుడైన ఊరియా ఏమన్నాడో రెండవ సమూయేలు పదకొండవ అధ్యాయములో చదవండి. తోటి సైనికులు బయట డేరాలలో పండుకొనియుండగా తాను ఇంటికి పోయి తిని త్రాగనని అన్నాడు. ఆ అధ్యాయములో నిజమైన అధికారి రాజు కాదు, ఊరియాయే.

ఆ మూడు మాటలను ప్రాణంతో పాటించినవాడు మన తెలుగువాడే. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఖడక్‌వాస్లా, డెహ్రాడూన్‌లలో శిక్షణ పొంది 2004లో అధికారి అయ్యాడు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో తన పటాలానికి ముందు నిలిచి ప్రాణం విడిచాడు. ఆ రాత్రి ఘర్షణలో మొత్తం ఇరవైమంది మనవారు పోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. పటాలానికంతటికీ అధిపతి అయినవాడు వెనుక కూర్చుండి ఆజ్ఞలు పంపవచ్చు. ఆయన అలా చేయలేదు.

ఇలా వ్రాస్తే కొందరు తల్లుల గుండె ఝల్లుమంటుందని తెలుసు. 2025 మే నెలలో గోరంట్ల మండలం కల్లితండా నుండి వెళ్ళిన అగ్నివీర్ మురళీనాయక్ సరిహద్దులో చనిపోయినప్పుడు రాయలసీమ అంతా ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని చూచింది. ఏకైక కుమారుడు. అమ్మలారా, మీ భయం అవిశ్వాసం కాదు. బిడ్డ ఎంత పట్టుబట్టినా మీ కన్నీళ్ళను లెక్కచేయక ఫారం నింపమని నేను చెప్పను. ఇంట్లో అందరూ కూర్చుండి మాట్లాడుకోవలసిన సంగతి ఇది.

ఆడబిడ్డల సంగతి కూడా చెప్పాలి. సుప్రీంకోర్టు 2021లో దారి తెరచిన తరువాత 2022లో మొదటిసారి అమ్మాయిలు ఖడక్‌వాస్లాలో చేరారు. 2025 మే 30న పదిహేడుగురు శిక్షణ ముగించుకొని బయటకు వచ్చారు. డిగ్రీ తరువాత వెళ్ళాలనుకునేవారికి చెన్నైలో ఆఫీసర్స్ ట్రెయినింగ్ అకాడమీ ఉన్నది. అక్కడ 1992 నుండే స్త్రీలకు శిక్షణ ఇస్తున్నారు. అపొస్తలుడైన తోమా హతసాక్షి అయ్యాడని మన పెద్దలు చెప్పుకొనే సెయింట్ థామస్ మౌంట్ ప్రాంతంలోనే ఆ అకాడమీ ఉన్నది. ఎన్.సి.సి. ‘సి’ సర్టిఫికెట్ ఉన్న పట్టభద్రులకు వ్రాతపరీక్ష లేకుండా నేరుగా సెలక్షన్ బోర్డుకు పోయే ప్రవేశం ఒకటున్నది. కాలేజీలో ఎన్.సి.సి. అంటే ఉప్మా కోసం పోయే పిల్లలున్నారు, వారికి ఈ సంగతి చెప్పండి.

చిన్నపిల్లలకైతే రాయచోటి దాటి వెళితే కలికిరి సైనిక పాఠశాల. 2014లో మొదలైంది. ఆరు, తొమ్మిది తరగతులలో చేర్చుకుంటారు, ఇప్పుడు బాలికలనూ తీసుకుంటున్నారు. ఆరవ తరగతి ప్రవేశ పరీక్ష తెలుగులోనే వ్రాయవచ్చు. ఇంగ్లీషు గోడను చిన్ననాడే దాటించే మార్గం మనకు ఇదొక్కటే అని నాకు అనిపిస్తుంది.

చివరిగా, మన ఇండ్లకే చెందిన ప్రశ్న. సైన్యంలో మన బిడ్డ విశ్వాసం నిలుస్తుందా? 1990 నుండి 1993 వరకు దేశ సైన్యాధిపతిగా ఉన్న జనరల్ సునీత్ ఫ్రాన్సిస్ రోడ్రిగ్స్ గారు క్రైస్తవుడే. కాబట్టి ద్వారం మూయబడి లేదు. అయితే పటాలాలలో ఒక ఆచారం ఉన్నది. జవాన్లది ఏ మతమో, వారి ప్రార్థన కూటములలో అధికారి వారితో కూడ నిలబడాలి. 2017లో కమిషన్ పొందిన ఒక క్రైస్తవ లెఫ్టినెంట్ సిక్కు జవాన్లున్న దళంలో పనిచేశాడు. గుడి, గురుద్వారా వరకు వారితో వెళ్ళాడు గాని, పూజ జరిగే లోపలి స్థలములోనికి మాత్రం మనస్సాక్షి ఒప్పుకోక వెళ్ళలేదు. 2021లో అతనిని తొలగించారు. 2025 మే నెలలో ఢిల్లీ హైకోర్టు, నవంబరులో సుప్రీంకోర్టు ఆ తొలగింపు సరియైనదేనన్నాయి. ఇది మతస్వేచ్ఛ ప్రశ్న కాదు, పై అధికారి ఆజ్ఞను పాటించటమన్న ప్రశ్న అని హైకోర్టు భావించింది.

అతడు చేసినది తప్పని చెప్పటానికి నాకు నోరు రాదు. చేతిక్రింది మనుష్యుల మనస్సును గెలవటం అధికారి పని అన్న సైన్యం మాటనూ కొట్టిపారేయలేను. వాక్యములో రెండు చోట్లున్నాయి. దానియేలు మూడవ అధ్యాయములో షద్రకు, మేషాకు, అబేద్నెగో మ్రొక్కలేదు, అగ్నిగుండానికి సిద్ధపడ్డారు. రెండవ రాజులు అయిదవ అధ్యాయములో సిరియా సైన్యాధిపతియైన నయమాను స్వస్థపడిన తరువాత ఎలీషాను ఒక సంగతి అడిగాడు. తన రాజు తన చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో మ్రొక్కునప్పుడు తానుకూడ వంగవలసి వస్తుందని, దానిని యెహోవా క్షమించవలెనని కోరాడు. ఎలీషా అతనిని గద్దించలేదు, సమాధానముతో పంపివేశాడు. మన పాస్టరు గార్లలోనే ఒకరు ఒక అధ్యాయాన్ని, మరొకరు మరొక అధ్యాయాన్ని ఎత్తి చూపుతారు.

బిడ్డ తనకు ఏ అధ్యాయము వర్తిస్తుందో పటాలంలో చేరిన తరువాత ఆలోచించటం కంటె ముందే ఆలోచించటం మేలు. తండ్రీ, తల్లీ, బిడ్డా, పాస్టరు గారూ ఒక సాయంత్రం కూర్చుండి ఈ రెండు అధ్యాయములూ వరుసగా చదవండి. బిడ్డనే మాట్లాడనివ్వండి. ఆ తరువాత ఫారం సంగతి. యూపీఎస్సీ వారి ప్రకటన ఉద్యోగ వార్తా పత్రికలలోనూ, నెట్ సెంటరులోనూ దొరుకుతుంది. పదవ తరగతి సర్టిఫికెట్లోని పుట్టిన తేదీయే లెక్క. ఆధార్‌లో వేరుగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.