అక్రోపొలిస్‌కి స్లాటు దొరికింది, కామాఠీపురాకి తీరిక దొరకలేదా?

ఈ వేసవి సెలవులకి మన చుట్టాల్లో మూడు కుటుంబాలు గ్రీసు ప్రయాణం పెట్టుకున్నాయి. పుణె వాళ్ళు, బెంగళూరు వాళ్ళు, దుబాయి వాళ్ళు. అక్రోపొలిస్ టికెట్లు ఎలా కొనాలి, ఏ పూట వెళ్ళాలి అని మమ్మల్ని అడిగారు. మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కదా, ఏ సైటు ఎక్కడ మొరాయిస్తుందో ముందే చూసి చెప్తామని వాళ్ళ నమ్మకం. సరే, చెప్తాం. దాంతోపాటు ఒక మాట గట్టిగానే అనబోతున్నాం. కోపం వస్తే రానివ్వండి.

ముందు టికెట్ల సంగతి. ఏథెన్సు వెళ్ళి నేరుగా క్యూలో నిలబడదామంటే ఇప్పుడు కుదరదు. 2023 సెప్టెంబరు నుంచి రోజుకి 20,000 మందినే కొండ మీదికి పంపుతున్నారు, అదీ గంటల వారీ స్లాట్లలో. గ్రీకు ప్రభుత్వం వారి సొంత సైటు హెచ్‌హెచ్‌టికెట్‌లోనే కొనండి, మధ్యవాళ్ళకి కమీషన్ ఇవ్వకండి. 2025 ఏప్రిల్ నుంచి టికెట్ 30 యూరోలు, మన లెక్కలో మనిషికి సుమారు 3,000 రూపాయలు. చుట్టుపక్కల పాత స్థలాలన్నిటికీ కలిపి ఇచ్చే టికెట్ ఉండేది, దాన్ని తీసేశారు. స్లాటుకి పావుగంట ముందూ, పావుగంట తర్వాతా వదులుతారు, ఆ తర్వాత లేదు. వేసవిలో పొద్దున 8 గంటల స్లాటే తీసుకోండి. ఎండ మరీ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం మూసేస్తున్నారు. నవంబరు నుంచి మార్చి దాకా నెలలో మొదటి ఆదివారం ఉచితం. కొండ మీద ఎరెక్థియోన్ గుడికి స్తంభాలుగా నిలబడిన ఆరుగురు ఆడవాళ్ళ బొమ్మలున్నాయే, అవి నకళ్ళు. అసలువి అయిదు కింద అక్రోపొలిస్ మ్యూజియంలో ఉన్నాయి, ఆరోది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కింది మ్యూజియానికి టికెట్ వేరే. షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి తలా 90 యూరోలు, అదీ వేరే.

ఇదంతా మన వాళ్ళు రెండు నెలల ముందే ఎక్సెల్ షీటులో వరసగా రాసుకున్నారు. మంచిదే, మెచ్చుకుంటాం. ఇప్పుడు అదే షీటులో ఇంకో వరస కలపండి. కామాఠీపురా. టికెట్ సున్నా, వీసా సున్నా, స్లాటు అక్కర్లేదు. ముంబై సెంట్రల్‌లోనో గ్రాంట్ రోడ్డులోనో దిగితే నడిచిపోయే దూరం. మన తాతలు ఆ గల్లీల్లో బతికారు. మీ పిల్లలు అక్కడ ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. పార్థెనాన్ 2,400 ఏళ్ళకి పైగా నిలబడింది, వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. కామాఠీపురా ఇప్పుడున్నట్టు అన్నాళ్ళు ఆగదు. కాబట్టి మా వాదన ఒక్కటే: గ్రీసు మానొద్దు, కానీ ముందు కామాఠీపురా, తర్వాతే ఏథెన్సు.

దీనికి మన ఇళ్ళలో రెండు జవాబులు వస్తాయి. ఒకటి, "అక్కడ చూడ్డానికి ఏముంది?" రెండోది గట్టిగా అనరు, గొంతు తగ్గించి అంటారు: "ఆ పేరు పిల్లల ముందు ఎట్లా చెప్తాం?"

మొదటి దానికి జవాబు. బొంబాయి ఒకప్పుడు విడివిడి దీవులు. మధ్యలోకి సముద్రం రాకుండా హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట కట్టారు, అది 1784 ప్రాంతంలో పూర్తయింది. లోపల నీళ్ళల్లో మునిగి ఉండే పల్లపు నేల మెల్లగా తేలింది. ఆ నేల మీద 1795 తర్వాత గుడిసెలు వేసుకున్నది నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చిన తెలుగువాళ్ళు. ఊరు వాళ్ళని కామాఠీలు అంది. అదొక కులం పేరు కాదు, అనేక కులాల తెలుగు కూలీలందరికీ కలిపి బొంబాయి పెట్టిన పేరు. మట్టి మోశారు, రాయి ఎత్తారు, రోడ్లు వేశారు. తర్వాత వచ్చిన పద్మశాలీలు మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడ్డారు, లోయర్ పరేల్, వర్లీ చాళ్ళలో కాపురాలు పెట్టారు. ఫూలే 1873లో పుణెలో సత్యశోధక్ సమాజం పెడితే, బొంబాయిలో దానికి అండగా నిలిచి డబ్బు పెట్టినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు లాంటి మన కాంట్రాక్టర్లున్నారు. ఈ ముక్క మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

మా చదువు కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో, అవ్వ దగ్గర నేర్చుకున్నవి. బడిలో హంపి పాఠం చదివినప్పుడు "కట్టిసిదవరు" అని రాజుల పేర్లు బట్టీ పట్టించారు. అంటే కట్టించినవాళ్ళు. "కట్టిదవరు", కట్టినవాళ్ళు, పాఠంలో లేరు. తెలుగులోనూ అంతే. కట్టించాడు, కట్టాడు అని రెండు మాటలున్నా, మన నోటికి మొదటిదే అలవాటు. బొంబాయిలో పెద్ద స్టేషన్ ఎవరిది అంటే ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ అని గైడు ఠక్కున చెప్తాడు. కింద మట్టి తవ్విన మనిషి పేరడిగితే నవ్వుతాడు.

ఇక్కడే మన గ్రీసు ప్రయాణం పనికొస్తుంది. ఏథెన్సు వాళ్ళు ఎరెక్థియోన్ గుడి పని ఖర్చుల పద్దుని రాతి మీద చెక్కి పెట్టారు, క్రీ.పూ. 409 నుంచి 407 దాకా నడిచిన పనికి. ఎవరు ఏ స్తంభానికి గాళ్ళు చెక్కారు, ఎన్ని రోజులు, ఎంత కూలి, అన్నీ పేర్లతో సహా. రోజు కూలి మామూలుగా ఒక డ్రాక్మా. ఆర్కిటెక్టుకీ రోజుకి అంతే పడింది. ఆ పద్దులో ఎవరేమిటో తేలిన 86 మందిలో 24 మందే ఏథెన్సు పౌరులు. 20 మంది బానిసలు. మిగిలిన 42 మంది బయటి ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, మెటిక్‌లు అనేవారు వాళ్ళని. బానిస కూలి యజమాని చేతికే పోయి ఉంటుంది, ఏథెన్సు స్వర్గమని మేమనటం లేదు. కానీ పేరు మిగిలింది. సగానికి సగం వలస వచ్చిన చేతులే ఆ గుడి కట్టాయని ఇవాళ మనకి తెలుస్తోందంటే కారణం ఆ పద్దు.

ముంబైలో మనం ఎవరం? మెటిక్‌లమే కదా.

ఇంకో సంగతి. ఆ రాళ్ళు కొండ మీద కనపడవు. చాలా ముక్కలు ఏథెన్సులోనే ఎపిగ్రాఫికల్ మ్యూజియంలో ఉన్నాయి, జాతీయ పురావస్తు మ్యూజియం పక్కనే. కొన్ని లండన్‌లో ఉన్నాయి. ఫోటోలు దిగే తొందరలో ఎవరూ అటు పోరు. మీరు పోండి. పిల్లలకి ఆ అక్షరాలు చూపించి, ఇవి కవిత్వం కాదు, ఆఫీసు లెక్కలు, 2,400 ఏళ్ళ తర్వాత కూలివాడిని బతికించింది ఈ లెక్కలే అని చెప్పండి. అట్లా చెప్పగలగాలంటే ముందు మన ఇంటి పద్దు ఎక్కడుందో మీకు తెలిసుండాలి. తాత పేరున ఉన్న అద్దె రసీదు, రేషను కార్డు, మిల్లు గేటు పాసు, మునిసిపాలిటీ తెలుగు బడి సర్టిఫికెట్. మన ఎరెక్థియోన్ పద్దు అంటే అవే. ఎవరి ఇంట్లో ఉన్నాయి? ఏ ట్రంకు పెట్టెలో? చాళ్ ఖాళీ చేసే రోజున చెత్తబండిలోకి పోయేవి ముందు అవే.

ఇక రెండో జవాబు, ఆ గొంతు తగ్గించే జవాబు. మా దగ్గరి చుట్టాల్లో ఒక పెద్దమ్మ సంబంధాలు మాట్లాడేటప్పుడు అంటుంది: "కామాఠీపురా అనకురా, బాంబే సెంట్రల్ అని చెప్పు." పెద్దమ్మ మీద మాకు కోపం లేదు. ఆమె ఈ మాట నేర్చుకున్నది ఊరి చూపుల నుంచి. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో కొన్ని గల్లీల్లో వేశ్యావృత్తి పాదుకుంది, పేరు మొత్తానికి అంటుకుంది. 2022లో సినిమా వచ్చినప్పుడు, అందులోంచి తమ పేట పేరు తీసేయమని అక్కడి జనం హైకోర్టు దాకా వెళ్ళారు, ఫలితం లేకపోయింది. ఇవన్నీ నిజమే.

కానీ అదే ఎరెక్థియోన్ సంగతి చూడండి. మొదట గుడి, తర్వాత చర్చి, ఒటోమన్ తుర్కుల కాలంలో కోట అధికారి జనానా. పార్థెనాన్ చర్చి అయింది, మసీదు అయింది, చివరికి తుపాకి మందు గోదాం అయింది. 1687లో వెనీషియన్ల గుండు తగిలి పేలిపోయింది. జనానా ఉన్న చోటని ఎరెక్థియోన్ ముందు ఫోటో దిగటం ఎవరైనా మానుకున్నారా? 3,000 రూపాయలిచ్చి మరీ దిగుతున్నారు. ఒక చోటు అనేక బతుకులు బతుకుతుందని అక్కడ ఒప్పుకుంటాం, మన గల్లీకి వచ్చేసరికి ఒప్పుకోం. పైగా ఆ వృత్తిలోకి వచ్చిపడిన ఆడవాళ్ళూ మనలాగే బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళని చూసి సిగ్గుపడే హక్కు మనకెవరిచ్చారు?

ఒక విషయంలో మాత్రం స్పష్టంగా ఉంటాం. టికెట్ పెట్టి మనుషుల్ని చూపించే టూర్లకి మేము వ్యతిరేకం. రాయి కాబట్టి అక్రోపొలిస్‌కి టికెట్ న్యాయం, ఆ డబ్బు రాయి మరమ్మతుకి పోవాలి. కామాఠీపురాలో జనం కాపురాలు చేస్తున్నారు. అక్కడికి టూరిస్టులా పోవద్దు, చుట్టంలా పోండి. తెలిసిన ఇల్లు ఒకటి ముందే అడిగి పెట్టుకోండి. పొద్దున పూట వెళ్ళండి. గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళ వైపు ఫోను ఎత్తొద్దు. పిల్లలచేత గల్లీ నంబర్లు లెక్కపెట్టించండి, మన తాతది ఏ గల్లీయో ఆ గల్లీలో కాసేపు నిలబెట్టండి. బతుకమ్మ రోజుల్లో వెళ్తే ఇంకా మంచిది, ముంబై తెలుగు పేటల్లో ఆ పాట వింటే ఊరు గుర్తొస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు దాదర్‌లో ఆంధ్ర మహాసభ చూపించండి.

తొందర ఎందుకంటే, మ్హాడా కామాఠీపురా మొత్తాన్ని సమూహ పునర్నిర్మాణంలోకి తీసుకుంది. సుమారు 34 ఎకరాలు. ఒకటి నుంచి పదిహేను దాకా గల్లీలు పోయి టవర్లు వస్తాయి. అద్దెదారుకి 500 చదరపు అడుగుల ఇల్లు వస్తుంది. అది వద్దనే హక్కు మనకి లేదు. పదడుగుల ఖోలీలో ఆరుగురు పడుకుని, మెట్ల కింద నల్లా దగ్గర తెల్లారుజామున బిందెలు పేర్చినవాళ్ళకి సొంత స్నానాల గది రావాలి. తప్పకుండా రావాలి. వర్లీ బీడీడీ చాళ్ళలో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకి కొత్త ఇళ్ళ తాళాలిచ్చారు, మాకూ సంతోషమే. 160 చదరపు అడుగుల గదిని గుర్తుల కోసం దాచుకోమని ఎవరికీ చెప్పం.

అడిగేది వేరే. వర్లీలో ఒక పాత చాళ్‌ని మ్యూజియంగా ఉంచుతామన్నారు. కామాఠీపురాకీ అట్లాంటిది ఒకటి కావాలి, ఒక్క అంతస్తయినా చాలు. కొత్త టవర్ల కింద ఒక గోడ కావాలి, దాని మీద పేర్లు కావాలి. బిల్డరు పేరు ఎట్లాగూ వస్తుంది, ప్రారంభించిన మంత్రి పేరు వస్తుంది. కట్టినవాళ్ళ పేర్లు, ఆ నేల మీద రెండు వందల ఏళ్ళు బతికినవాళ్ళ పేర్లు మనం తెచ్చి ఇస్తేనే వస్తాయి. టెస్టింగులో మాకు రోజూ ఎదురయ్యే సంగతి ఒకటుంది. ముందు కాగితం మీద రాయని అవసరాన్ని చివర్లో ఎవరూ కట్టివ్వరు. ఇల్లు ఎన్ని అడుగులో కాగితం మీద ఉంది. పేర్ల గోడ లేదు. ప్లాను ఖాయమయ్యాక అడిగితే "ముందే చెప్పాల్సింది" అంటారు, వాళ్ళ తప్పు కూడా కాదు.

కాబట్టి ఏథెన్సు విమానం ఎక్కే ముందు ప్రతి ఇంట్లో ఒక కాగితం తీయండి. తాత పేరు, అవ్వ పేరు, వచ్చిన ఊరు, తాలూకా, చేసిన పని, గల్లీ నంబరు, బిల్డింగు పేరు, ఖోలీ నంబరు. అవ్వ పేరు వదిలేయకండి, మట్టి తట్ట ఆమె కూడా మోసింది. పక్కన అద్దె రసీదు ఫోటో పెట్టండి. రెండు కాపీలు తీసి, ఒకటి అక్కడున్న అద్దెదారుల సంఘానికివ్వండి, ఒకటి మాకు పంపండి. సెలవులు మొదలయ్యేలోపు పంపండి.