పేరు చెప్పినా తెరుచుకోని తలుపు

గత ఫిబ్రవరిలో ఒకనాటి సాయంకాలం మా శాఖ గది ముందు డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థిని ఒకతె కంట తడితో నిలబడి ఉన్నది. మరునాడు ఉదయం 10 గంటలకు ప్రాజెక్టు నివేదిక అచ్చుప్రతిని సమర్పించవలసి ఉన్నది. 42 పుటల నివేదిక ఆమె ల్యాప్‌టాపులో సిద్ధంగా ఉన్నది. గ్రంథాలయంలోని ప్రింటరు పది అడుగుల దూరంలోనే ఉన్నది. అయినా ముద్రించుమని ఆజ్ఞ ఇచ్చినప్పుడల్లా తెరమీద ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమై పేరు, పాస్‌వర్డు చెప్పుమని అడుగుతున్నది. కళాశాల తనకిచ్చిన పేరును, పాస్‌వర్డును ఆమె ఐదుసార్లు టైపు చేసింది. ఐదుసార్లూ యంత్రం కాదన్నది. ఆరవసారికి ఖాతాయే మూతపడింది.

“సార్, నా పాస్‌వర్డు సరైనదే. పొద్దున ల్యాబులో కంప్యూటరు మీద పనిచేసింది” అన్నదామె. ఆమె మాట నిజమే. అప్పటికి ఖాతా తెరిచే ఉద్యోగి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆమె బజారులోని జిరాక్సు దుకాణానికి పరుగెత్తి, అక్కడి కంప్యూటరులో తన ఈమెయిలు తెరిచి, నివేదికను అచ్చు వేయించుకొని, ఆ తొందరలో ఈమెయిలు మూయడం మరచి ఇంటికి చేరింది. కుట్టుమిషను మీద సంసారం ఈదుతున్న ఆమె తండ్రి వాయిదాల మీద కొనిచ్చిన పాత ల్యాప్‌టాపు ఆనాడు ఎందుకూ కొరగాలేదు.

ఇటువంటి సందర్భాలలో “పిల్లలు పాస్‌వర్డు మరచిపోతారు” అని తేల్చివేయడం మనకు అలవాటయినది. తప్పు ఎక్కడున్నదో కొంచెం నిదానించి చూడవలెనని మా మనవి.

ల్యాబులోని కంప్యూటర్లు కళాశాల వ్యవస్థలో సభ్యులు. ఉదయం విద్యార్థి తన పేరుతో ప్రవేశించగానే ప్రింటరు సర్వరుకు కూడ ఆ పేరు తెలిసిపోతుంది. కనుక మరల అడిగే పని లేదు. సొంత ల్యాప్‌టాపు సంగతి వేరు. అది ఇంటిలో పెట్టుకొన్న పేరుతో నడుస్తుంది. ప్రింటరును పలకరించినప్పుడు మొదట ఆ ఇంటి పేరునే అందిస్తుంది. సర్వరు జాబితాలో ఆ పేరు లేదు. అప్పుడే ఆ చిన్న పెట్టె వస్తుంది. అక్కడ విద్యార్థి తన పేరు మాత్రమే టైపు చేస్తే, అది కళాశాల ఖాతా పేరని యంత్రం గ్రహించకపోవచ్చు.

తెలుగు నాట పేరుకు ముందు ఇంటిపేరు చెప్పడం ఆచారం. ఊళ్ళో నలుగురు రహీములున్నప్పుడు ఏ ఇంటి రహీమో చెప్పక తప్పదు. కంప్యూటరుకు కావలసినదీ ఇదే. కళాశాల వ్యవస్థ పేరు, దాని తరువాత వెనుకకు వాలిన గీత, ఆ తరువాత విద్యార్థి పేరు వ్రాయాలి. ఈ ఒక్క మాట మన విద్యార్థులకు ఎవరు చెప్పారు?

చిక్కులు ఇంతటితో ముగియవు. పాస్‌వర్డు మార్చుకొన్న విద్యార్థి ల్యాప్‌టాపులో పాత పాస్‌వర్డు భద్రపరచబడి ఉంటే, యంత్రం అతనికి తెలియకుండానే దానిని మరల మరల అందిస్తూ ఖాతాను మూయిస్తుంది. దానిని వెతికి తొలగించాలి. 2021లో విండోస్ ముద్రణ వ్యవస్థలో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే పెద్ద లోపం బయటపడగా, ఆ ఏడు ఆగస్టు నుండి సర్వరు ద్వారా ప్రింటరు డ్రైవరును స్థాపించుకొనడానికి ఆ కంప్యూటరుపై నిర్వాహకుని అధికారం ఉండాలని మైక్రోసాఫ్టు నియమించింది. అన్నగారి ల్యాప్‌టాపును అరువు తెచ్చుకొన్న తమ్మునికి ఆ అధికారం ఉండకపోవచ్చు. అప్పుడు అడిగే పాస్‌వర్డు కళాశాలది కాదు, అన్నగారిది. పెట్టెలు రెండూ చూడడానికి ఒక్క తీరుగానే ఉంటాయి. కంగారులో ఉన్న విద్యార్థి తేడాను ఎట్లు కనిపెట్టగలడు?

అసలు ఈ తాళాలెందుకు అని అడిగే వారున్నారు. తాళాలు కావలసినవే. 1983లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం ‘ఎథీనా’ అనే ప్రణాళికను ఆరంభించి ఆవరణమంతటా విద్యార్థులకు కంప్యూటర్లు అందుబాటులోకి తెచ్చినప్పుడు, ఎవరు ఎవరో గుర్తించడమెట్లా అన్న ప్రశ్న వారికీ ఎదురైనది. అందుకు సమాధానంగా పుట్టినదే ‘కెర్బరోస్’ పద్ధతి. ఇందులో పాస్‌వర్డు తీగల వెంట ప్రయాణం చేయదు. దానికి బదులు రైలు టిక్కెట్టువలె కొంతకాలం మాత్రమే చెల్లే ఒక అనుమతి లభిస్తుంది. ఈ పద్ధతి వాడే చోట్ల రెండు యంత్రాల గడియారాల మధ్య సాధారణంగా 5 నిమిషాలకు మించిన తేడా ఉండరాదు. లోపలి బ్యాటరీ క్షీణించి గడియారం వెనుకబడిన పాత ల్యాప్‌టాపుకు అన్నీ సరిగా చెప్పినా ప్రవేశం దొరకకపోవడానికి ఇదొక కారణం. పేదవాని యంత్రానికే ఇట్టి అవస్థ ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు.

తాళం వేసిన వారు తాళంచెవి వాడే విధానం కూడ చెప్పాలి. చెప్పనప్పుడు విద్యార్థులు తమ దారి తాము చూసుకొంటారు. ప్రింటరు పలికే మిత్రుని పాస్‌వర్డు అడిగి పుచ్చుకొంటారు. ఒకే పాస్‌వర్డుతో పదిమంది ముద్రించుకొంటున్న సంగతి మేమెరుగుదుము. అదే పాస్‌వర్డుతో ఆ మిత్రుని మార్కులు, ఫీజుల వివరాలు కూడ తెరుచుకొంటాయన్న ఆలోచన ఎవరికీ లేదు. పాస్‌వర్డు మన వద్ద ఉంచిన అమానతు వంటిది. దానిని స్నేహం పేరిట పంచిపెట్టరాదు. ఈ విషయంలో విద్యార్థుల తప్పు లేదని మేమనము.

“ల్యాబులో కంప్యూటర్లు ఉన్నవి కదా, సొంత యంత్రాల గొడవ మనకెందుకు?” అని కమిటీ పెద్దలు కొందరు అంటారు. బయటి యంత్రాల వెంట వైరసులు వస్తాయన్న వారి భయం నిరాధారం కాదు. అయితే ల్యాబు సాయంకాలం 4 గంటలకు మూతపడుతుంది. నివేదికల గడువు నాడు అక్కడ కుర్చీ దొరకడం గగనం. పైగా సొంత యంత్రాన్ని దూరంగా ఉంచితే విద్యార్థులు పెన్‌డ్రైవును జిరాక్సు దుకాణంలో గుచ్చి, దానినే తెచ్చి ల్యాబులో గుచ్చుతున్నారు. వైరసుకు అంతకంటె రాజమార్గం మరొకటి లేదు.

మేము కోరేది పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. ప్రవేశాలు ముగిసిన మొదటి వారంలో ఒక గంట కేటాయించి, విద్యార్థుల ల్యాప్‌టాపులకు ప్రింటరును అమర్చి చూపాలి. గడువుల పక్షంలో ఖాతాలు తెరిచే ఉద్యోగి ఒకరు సాయంకాలం 6 గంటల వరకు ఉండాలి. వీలైతే ఫైలును బ్రౌజరు ద్వారా పంపి ముద్రించుకొనే ఏర్పాటు చేయాలి. దానివల్ల డ్రైవరు బాధ తప్పుతుంది. అన్నింటికంటె ముందు, పేరు ఎట్లు వ్రాయాలో తెలిపే ఒక కాగితం ప్రింటరు పక్కన అంటించాలి. మన సంచికను ఒక వైపు నుండి ఉర్దూలోను, మరొక వైపు నుండి తెలుగులోను చదువుకొంటున్నాము. ఆ కాగితం కూడ రెండు భాషలలో ఉండుగాక.

వారం తరువాత ఆ విద్యార్థినిని పిలిచి, ఆమె ల్యాప్‌టాపు ముందు కూర్చొన్నాము. ‘ఇంటిపేరు’ చేర్చి టైపు చేయించాము. ఒక పుట అచ్చయి వచ్చింది. మొత్తం ఏడు నిమిషాలు పట్టింది. ఆమె ఆ పుట వెనుకనే ఏ మెట్టు తరువాత ఏ మెట్టో తన చేతివ్రాతతో వ్రాసుకొన్నది. పక్కనున్న ముగ్గురు బాలికలు దానిని చూసి వ్రాసుకొన్నారు. కమిటీ వారు పూనుకొనేంత వరకు ఆ కాగితపు నకలును గ్రంథాలయపు గోడకు అంటించడానికైనా అనుమతి దయచేయవలసినదిగా కోరుతున్నాము.