ఓడినవారు రాయవలసిన ఉత్తరం



సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక సాయంత్రం రెండు ఊళ్ళ సంఘ పెద్దలు కలిసి మా ఇంటికి వచ్చారు. నాగావళికి ఈ ఒడ్డున ఒక ఊరు, ఆ ఒడ్డున ఒక ఊరు. క్రిస్మస్ మరునాడు ఈ రెండు ఊళ్ళ యౌవనస్థులకు వాలీబాల్ పోటీ జరగడం, మేము ఇక్కడికి రాకముందు నుంచీ ఉన్న అలవాటు. ఈసారి గీత దగ్గర పడిన ఒక బంతి లోపలా బయటా అన్నదాని మీద మాట పెరిగింది. ఒక కుర్రవాని చొక్కా చిరిగింది. ఆనాటి నుంచి రేవు దగ్గర పలకరింపులు కూడా లేవు. వచ్చినవారిలో పెద్దాయన, "అయ్యగారూ, ఇంక ఈ ఆట ఆపించీండి. ఆటే లేకపోతే గొడవేటుంటది?" అన్నారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆలోచించి చెబుతామని పంపించాము. ఆ రాత్రి పడుకున్నాక, వేదాంత విద్య చదివే రోజుల్లో మా గురువుగారు చెప్పిన పడవల పందెం ఒకటి జ్ఞాపకం వచ్చింది.

ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి అని రెండు పాత విశ్వవిద్యాలయాలు ఉన్నవి. హారో అనే బడిలో కలిసి చదువుకున్న ఇద్దరు స్నేహితులు పై చదువుకు విడిపోయారు. చార్లెస్ వర్డ్స్‌వర్త్ ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాడు, చార్లెస్ మెరివేల్ కేంబ్రిడ్జి వెళ్ళాడు. నీ కాలేజీ గొప్పా నా కాలేజీ గొప్పా అనుకున్నారేమో, పడవలు వేసుకుని తేల్చుకుందామన్నారు. 1829 మార్చిలో కేంబ్రిడ్జి వారు సవాలు చేస్తూ ఉత్తరం రాశారు. జూన్ 10వ తేదీన హెన్లీ అనే ఊరి దగ్గర థేమ్స్ నదిలో పందెం జరిగింది. ఆక్స్‌ఫర్డ్ గెలిచింది. ఆ తెడ్లు పట్టిన చేతులు తరువాత ఏమి పట్టాయో మా గురువుగారు మరీ ఇష్టంగా చెప్పేవారు. వర్డ్స్‌వర్త్ స్కాట్లాండులో బిషప్పు అయ్యారు. మెరివేల్ ఈలీ పట్టణంలోని గొప్ప దేవాలయానికి డీన్ అయ్యారు. అదే కేంబ్రిడ్జి పడవలో తెడ్డు వేసిన జార్జి సెల్విన్ న్యూజిలాండుకు మొదటి బిషప్పుగా సముద్రాలు దాటి వెళ్ళారు.

ఇద్దరు స్నేహితుల ముచ్చట ఇన్నేళ్ళు నిలిచింది. 1856 నుంచి రెండు ప్రపంచ యుద్ధాల కాలమూ, కరోనా వచ్చిన 2020వ సంవత్సరమూ తప్ప ఏటా జరుగుతూనే ఉన్నది. 2021లో లండనులో వీలుపడక ఈలీ దగ్గరి నదిలో నడిపారు. మెరివేల్ గారు డీనుగా ఉన్న ఊరే అది. స్త్రీల పందెం 1927లో మొదలై, 2015 నుంచి పురుషులతోపాటు అదే రోజున అదే నీటిలో జరుగుతున్నది. అంతకు చాలా ముందే, 1981లో ఆక్స్‌ఫర్డ్ పురుషుల పడవకు చుక్కాని పట్టి గెలిపించినది సూ బ్రౌన్ అనే యువతి.

మన కళింగపట్నం దగ్గర వంశధార మొగలోకి సముద్రపు పోటు వచ్చినట్లే, లండనులో థేమ్స్ నదిలోకి కూడా వస్తుంది. ఆ పోటు ఊపున పట్నీ నుంచి మోర్ట్‌లేక్ దాకా నాలుగు మైళ్ళ పైన ఎగువకు పోవాలి. ఇరవై నిమిషాల లోపు పని. పడవ సుమారు 60 అడుగుల పొడవు ఉంటుంది గాని వెడల్పు మనిషి కూర్చునేంతే. తెడ్లు వేసే ఎనిమిది మందీ వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. గమ్యం వారికి కనబడదు. చుక్కాని పట్టినవారు ఒక్కరే ముందుకు చూస్తారు. ఒక్కరి తెడ్డు ఆలస్యమైతే పడవంతా ఒరుగుతుంది. భావనపాడు తీరంలో మన బెస్తవారు అలలు దాటించేటప్పుడు హైలెస్సా అని ఒక్క గొంతుతో ఎందుకు అంటారో చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. 1912లోనైతే గాలికి రెండు పడవల్లోనూ నీళ్ళు నిండాయి. పందెం మళ్ళీ పెట్టుకున్నారు.

ఇక పెద్దాయన మాటకు వస్తాము. ఎదుటి జట్టు ఉండబట్టే గొడవ అన్నారు. మరి 1987లో ఆక్స్‌ఫర్డ్ వారి గొడవ కేంబ్రిడ్జితో కాదు. కిందటి ఏడు ఓడిన ఆ క్లబ్బులో, అమెరికా నుంచి వచ్చిన ఆరితేరిన ఆటగాళ్ళు కొందరికి శిక్షకుడు డాన్ టొపోల్‌స్కీతోను, అధ్యక్షుడు డొనాల్డ్ మెక్‌డొనాల్డ్‌తోను పడలేదు. సాధన ఎలా చేయాలి, పడవలో చోటు ఎవరికి అన్నది తగువు. వారు తప్పుకున్నారు. న్యాయం ఎటువైపు ఉన్నదో మేము చెప్పము. రెండు పక్షాల నుంచీ పుస్తకాలు వచ్చాయి, కథ రెండింటిలో ఒకటి కాదు. మిగిలినవారికి అదనపు జట్టువారిని కలుపుకుని పడవ నింపారు. గెలుస్తారని ఎవరూ అనుకోలేదు. మార్చి 28న ఈదురుగాలిలో నాలుగు పడవల పొడవు తేడాతో గెలిచారు.

అంత దూరం ఎందుకు? 1936లో మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ గారు కెప్టెనుగా భారత క్రికెట్ జట్టు ఇంగ్లాండు వెళ్ళింది. కెప్టెనుకూ మేటి ఆటగాళ్ళకూ పొసగలేదు. లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. మూడు టెస్టులలో రెండు ఓడిపోయారు. ఆ ఓటమిలో ఇంగ్లీషు బౌలర్ల వంతు ఎంతో, మనవారి వంతు ఎంతో!

మా మట్టుకు మాకు ఈ రెండు కథలకన్నా, ఆ పడవల పందెంలోని ఒక చిన్న ఆచారం ఎక్కువ నచ్చింది. ఏ ఏటి పందెంలో ఓడినవారు ఆ గెలిచినవారికి తామే సవాలు పంపాలి. "మళ్ళీ వస్తారా?" అని అడగవలసినది ఓడిన పక్షమే. ఓడి అలిగి ఇంట్లో కూర్చుంటే పందెం లేదు.

మరుసటి ఆదివారం ఆరాధన తరువాత పెద్దలను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాము. ఆట ఆపవద్దని మా మనవి. ఓడిన ఊరి కుర్రాళ్ళు ఉత్తరం రాసి, పడవలో తామే పట్టుకెళ్ళి అవతలి ఊరి పెద్దల చేతికి ఇవ్వాలని, ఆ పూట గెలిచిన ఊరివారు వారికి భోజనం పెట్టాలని అన్నాము. పెద్దాయన చాలాసేపు గడ్డం నిమురుకుని, "కూర ఏటో ముందే సెప్పమనండి" అన్నారు. అందరూ నవ్వారు. ఒప్పుకున్నట్టే.

ఒక్క మాట దాచాము. ఈసారి ఓడినది మేము కాపురముంటున్న ఊరే. చొక్కా చిరిగినది మా రెండవవానిదే. బంతి లోపలే పడిందని వాడు ఇప్పటికీ అంటాడు. ఉత్తరం వాడే రాయాలని కుర్రాళ్ళందరూ తీర్మానించారు. కాగితమూ కలమూ బల్లమీద పెట్టి పది రోజులైంది. నిన్న రాత్రి దీపం ఆర్పుతూ చూస్తే, పైన తేదీ మాత్రం వేసి ఉంది.