దోహాలో సముద్రం ఎవరికి దగ్గర?

ఈసారి నేను పెరిగిన ఊరి గురించి రాస్తున్నాను.

"దోహాలో ఏముంది? అద్దాల మేడలు, మాల్స్, ఎండ. ఆ ఊరికి సొంత స్వభావం లేదు." ఈ మాట మా బంధువులు చాలాసార్లు అన్నారు. నేను ఒప్పుకోను. దోహాకు స్వభావం ఉంది. అది తెలియాలంటే, ఆ ఊళ్లో సముద్రానికి ఎవరు దగ్గరగా ఉన్నారో, ఎవరు దూరంగా ఉన్నారో చూడాలి. నాకు ఈ సంగతి అర్థమైంది తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాకే.

ముందు ఊరు ఎలా ఉంటుందో చెప్తాను. ఖతార్ ఒక ద్వీపకల్పం, అంటే మూడు వైపులా నీళ్లు. దోహా దాని తూర్పు తీరంలో ఉంది. అక్కడ సముద్రం నెలవంకలాగా నేల లోపలికి వస్తుంది. ఆ వంపు వెంట సుమారు 7 కిలోమీటర్లు కార్నిష్ ఉంది. ఒక వైపు 2008లో తెరిచిన ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం, నీళ్లకు అవతల వెస్ట్ బే టవర్లు, మధ్యలో ధౌ అనే చెక్క పడవలు. టవర్లు ఉన్న నేలలో చాలా భాగం ఒకప్పుడు సముద్రం. పూడ్చి నేల చేశారు. మ్యూజియం ఉన్న చిన్న దీవిని కూడా మనుషులే కట్టారు.

టవర్లు రాకముందు ఈ ఊరు ముత్యాల మీద బతికింది. ఇక్కడి సముద్రంలో దొరికిన ముత్యాలు బొంబాయి వెళ్లి అమ్ముడయ్యేవి. సముద్రం లేని మన హైదరాబాద్‌కు ముత్యాల నగరం అని పేరు ఎలా వచ్చిందని నేను చిన్నప్పుడు అడిగేదాన్ని. అక్కడ పేరుపొందిన బస్రా ముత్యాలు ఈ గల్ఫ్ నీళ్లలోవే. 1966 వరకు ఖతార్‌లో రూపాయలే నడిచాయి. ఇప్పుడు దోహాలో అందరూ తాగే కరక్ చాయ్ పేరు కూడా మన వైపు 'కడక్' అనే మాటే. కాబట్టి మనం ఇక్కడికి నిన్న వచ్చినవాళ్లం కాదు.

కానీ ఆ ముత్యాలు తీసినవాళ్ల బతుకు మెరవలేదు. వాళ్లు పడవ నాయకుడి దగ్గర ముందుగా డబ్బు తీసుకుని వేసవి అంతా నీళ్లలో మునిగేవాళ్లు. చాలామందికి ఆ అప్పు ఎప్పటికీ తీరేది కాదు. కొందరు బానిసలు కూడా. ఖతార్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. 1930లలో జపాన్ పెంపకం ముత్యాలు వచ్చి ఈ వ్యాపారం కూలిపోయింది. తర్వాత చమురు, ఆ తర్వాత గ్యాస్.

ఇప్పుడు ఒక చిన్న సంగతి. ఒక శుక్రవారం సాయంత్రం కార్నిష్ మీద ఒక పెద్దాయన ఫోన్‌లో తెలుగు మాట్లాడుతున్నారు. నేను "నమస్కారం అంకుల్" అన్నాను. ఆయన నవ్వి, "అంకుల్ ఏంది బిడ్డా, కాకా అను. జర ఒక ఫోటో తియ్యి. ఎనుక బిల్డింగులు రావాలె, నీళ్లు గూడ రావాలె" అన్నారు. వాళ్లది జగిత్యాల దగ్గర పల్లె. ఎన్నాళ్లయిందని అడిగాను. "నాలుగేండ్లాయె. సముద్రం చూసుడు ఇది రెండోసారి."

నేను ఇంటికి వచ్చి రెండు విషయాలు ఆలోచించాను. మొదటిది, 'చూసుడు' తప్పు అనుకున్నాను. నా పుస్తకంలో 'చూడటం' అని ఉంది. అది తప్పు కాదు, తెలంగాణ తెలుగు. మా అమ్మ బాబాయ్ అనే మనిషినే ఆయన కాకా అంటారు. రెండోది, మేము ఇద్దరం ఒకే ఊళ్లో ఉన్నాం. నేను సముద్రాన్ని స్కూల్ బస్సులోంచి రోజూ చూశాను. ఆయన నాలుగేళ్లలో రెండుసార్లు చూశారు.

ఇది యాదృచ్ఛికం కాదు. లేబర్ క్యాంపులు ఎక్కువగా ఊరికి నైరుతిలో, ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్నాయి. కుటుంబాలు ఉండే ప్రాంతాల్లో కార్మికుల వసతి ఉండకూడదని 2010లో చట్టం వచ్చింది. దోహాలో ఒంటరిగా ఉండే కార్మికులను 'బ్యాచిలర్స్' అంటారు. ఊళ్లో భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నా ఇక్కడ బ్యాచిలరే! తెలుగులో ఆ మాటకు బ్రహ్మచారి అని అర్థం రాసుకున్న నేను, ఆ రోజు నోట్‌బుక్‌లో కొట్టేశాను. ఇక వాళ్ల పల్లెల్లో ఖతార్ వెళ్లినా "దుబాయి పోయిండు" అనే అంటారు. ఇక్కడ వాళ్ల కుటుంబం కనపడదు, అక్కడ ఈ ఊరి పేరు వినపడదు.

మార్పులు జరగలేదని నేను అనను. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారవచ్చని 2020లో చట్టం మార్చారు. 2021 మార్చి నుంచి కనీస జీతం 1000 రియాళ్లు. వేసవిలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. ఇవి మంచివే. కానీ ఏజెంటుకు ఇవ్వడానికి వడ్డీకి తెచ్చిన అప్పు అలాగే ఉంటుంది. ముత్యాల కాలంలో లాగే అప్పుతోనే పని మొదలవుతుంది. నాకు దోహా స్వభావం అంటే ఇదే: ఎవరి అప్పు మీదో సముద్రం ఒడ్డున మెరిసే ఊరు. నేను ఈ ఊరిని ప్రేమిస్తాను, అందుకే ఇది చెప్తున్నాను.

మరి మనం ఏం చేయాలి? చట్టాలు మన చేతిలో లేవు. పండుగలు ఉన్నాయి. నేను వెళ్లిన ఉగాది, బతుకమ్మ వేడుకలన్నీ కుటుంబాల కోసమే జరిగాయి. క్యాంపుల నుంచి వచ్చినవాళ్లు నాకు దాదాపు కనపడలేదు. ఒక వేడుక శుక్రవారం పెట్టి, ఇండస్ట్రియల్ ఏరియా నుంచి రెండు బస్సులు వేస్తే చాలు. లేదా మనమే అక్కడికి దగ్గర్లో ఉన్న ఏషియన్ టౌన్‌కి వెళ్లవచ్చు. "పిల్లలకు తెలుగు మాట్లాడేవాళ్లు దొరకడం లేదు" అని మన పెద్దవాళ్లు బాధపడతారు. దొరకకపోవడం ఏమిటి? అరగంట దూరంలో వేలమంది ఉన్నారు.

నాలాగా నేర్చుకునే మీకు ఒక మాట. మీ ఊళ్లో కూడా మీరు మాట్లాడని తెలుగువాళ్లు ఉంటారు. వాళ్ల తెలుగు మీ పుస్తకంలో ఉండకపోవచ్చు. ఈ వారం ఒక్కరితో మాట్లాడండి, వాళ్ల దగ్గర ఒక కొత్త మాట నేర్చుకోండి. నా మాట 'కాకా'.