డాక్టరు పుట: పాత కారుకు వెనుక బెల్టులు

ఈ నెల మందుల ఊసు కాదు, మోటారు కారు సంగతి రాస్తున్నాను. "డాక్టరుకు కారు షెడ్డులో ఏం పని?" అంటారేమో. షెడ్డులో సరిగ్గా బిగించనిది చివరికి మా క్యాజువాలిటీకే వస్తుంది కనుక, పని ఉంది.

ఈ దేశంలో ఉంటున్న మన వాళ్లు కొందరికి పాత కార్ల మీద మోజు. అందులోనూ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అంటే మరీ ముద్దు. కలకత్తా దగ్గర ఉత్తరపాడలో 2014 దాకా తయారైన మన అంబాసిడర్, 1956లో ఇక్కడ వచ్చిన ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు సొంత బిడ్డ. ఆ గుండ్రటి బానెట్టు చూస్తే, పెళ్లికి పూలదండలు కట్టిన కారు గుర్తు రానిదెవరికి?

అయితే ఆ కారు వెనుక సీటుకు బెల్టులు లేవు. నడుమునూ భుజాన్నీ కలిపి పట్టే నేటి బెల్టును వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తెచ్చిందే 1959లో. బ్రిటన్‌లో కొత్త కార్లకు వెనుక బెల్టులు అమర్చడం తప్పనిసరి అయింది 1987లో. వాటిని పిల్లలు కట్టుకోవాలన్న నియమం 1989లో, పెద్దలకు 1991లో వచ్చాయి. అసలు బెల్టులే లేని పాత కారులో మూడేళ్ల లోపు పిల్లల్ని ఎక్కించకూడదు. అంతకు పైబడిన వాళ్లు వెనుక కూర్చోవచ్చునని చట్టం ఒప్పుకుంటుంది. కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఎముక విరగకుండా ఉండదు గదా!

గంటకు 30 మైళ్ల వేగంతో గోడను గుద్దడమంటే 9 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి పడడంతో సమానం. "చంటిదాన్ని ఒళ్లో గట్టిగా పట్టుకుంటాలే" అనే అమ్మమ్మలకు ఒక మనవి: కారు అర మీటరు దూరంలో ఆగిపోతే, 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో దాదాపు 200 కిలోల బరువు తూగుతుంది. ఏ చేతులు ఆపగలవు? పైగా వెనుక ఉన్నవాళ్లు ఎగిరి ముందు వాళ్ల మీద పడతారు. 1997లో పారిస్‌లో వెనుక సీటులో ప్రయాణిస్తూ మరణించిన డయానా విషయంలో, బెల్టు పెట్టుకోకపోవడం కూడా మరణానికి ఒక కారణమని 2008లో లండన్ జ్యూరీ తేల్చింది.

ఇక బిగించే సంగతి. "తోలు సీటు అందం చెడకుండా ఎలా?" అన్నదే అందరూ అడిగే ప్రశ్న. అందం రెండో మాట, శరీరం మొదటి మాట. నడుము పట్టీ తుంటి ఎముకల మీద, తొడలను ఆనుకుని కూర్చోవాలి. పొట్ట మీదికి జారితే పేగులు చిట్లుతాయి, నడుము దగ్గర వెన్నుపూస అడ్డంగా విరుగుతుంది. 1948లో ఇలాంటి ఫ్రాక్చరును వర్ణించిన ఎక్స్‌రే వైద్యుడి పేరు మీద దాన్ని మేము ఛాన్స్ ఫ్రాక్చర్ అంటాం. ఒట్టి నడుము పట్టీ చాలదనేది అందుకే. భుజం పట్టీ మెడను ఒరుసుకోకుండా, భుజం మధ్యగా పోవాలి. దాని పై కొస భుజం ఎత్తుకు తగ్గకూడదు. కనబడకుండా ఉంటుందని సీటు వెనకాల కిందికి దించి బిగిస్తే, గుద్దినప్పుడు పట్టీ వెన్నెముకనే కిందికి నొక్కుతుంది.

బోల్టు గట్టి ఇనుములోకి దిగాలి. వెనుక అద్దం కింది అట్ట, చెక్క, తుప్పు పట్టిన రేకు ఏ బరువూ మోయవు. పలచటి రేకైతే వెనక మందపాటి ఉక్కు పలక వేయించాలి. డ్రిల్లు పెట్టే ముందు కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఎక్కడున్నాయో చూడాలి. తనంతట బిగిసే రీలును తయారీదారు చెప్పిన కోణంలోనే పెట్టాలి. లేకపోతే అనవసరంగా బిగుసుకుంటుంది, అవసరానికి బిగుసుకోదు. పాత ఇనుప కొట్టు బెల్టు చవకని తేవద్దు. ఒకసారి ప్రమాదంలో సాగిన పట్టీ రెండోసారి కాపాడదు. వెల్డింగు పని తెలిసిన మెకానిక్కుకే అప్పగించండి. ఇన్సూరెన్సు వారికి ఒక ముక్క రాసి పడేయండి.

ఇవన్నీ కుదిరాక అందం చూసుకోవచ్చు. రీలును వీలైతే డిక్కీలో దాచవచ్చు. కింది కొసలను సీటుకూ వీపు దిండుకూ నడుమ సందులోంచి పైకి తీస్తే తోలు కోయనక్కర లేదు. పట్టీ రంగు సీటు రంగుకు దగ్గరగా ఎంచుకుంటే కంటికి ఆనదు.

ఊరి నుంచి వచ్చిన అత్తగారు పట్టుచీర నలుగుతుందంటే, చీరకు ఇస్త్రీ ఉందని, నడుముకు లేదని మెల్లగా చెప్పండి. వచ్చే నెల, ఎండ తక్కువైన ఈ చోట డి విటమిన్ గురించి మాట్లాడుకుందాం. సెలవు.