బాకీ లేనివారు ఎందుకు కట్టాలి?



వసూలు ఏజెంట్లు వేధిస్తుంటే ఎంతో కొంత కట్టి వదిలించుకోవడమే మేలని గత వారం ఈ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆ సలహా ప్రమాదకరం. తీసుకోని అప్పుకు వెయ్యి కట్టినా, అప్పు ఒప్పుకున్నారనే వాదిస్తారు. నిజమైన పాత బాకీకైనా దావా గడువు 1963 కాలపరిమితి చట్టం ప్రకారం సాధారణంగా మూడేళ్లే. ఆలోగా కొంత చెల్లించి సంతకం పెడితే ఆ గడువు మళ్లీ మొదటికొస్తుంది.

మా అమరావతి వైపు పత్తి, మిర్చి రైతుల ఇళ్లలో పరువు భయం ఎంతటిదో నాకు తెలుసు. వీధిలో గట్టిగా అడిగితే చాలు, లేని బాకీ కూడా కట్టేస్తారు. సూక్ష్మరుణాల వసూళ్లు ఆత్మహత్యల దాకా వెళ్లాకే 2010 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం వాటిని అదుపు చేసే ఆర్డినెన్సు తెచ్చింది.

అందుకే ఎవరైనా బాకీ అడిగితే ముందు ఒప్పందం నకలు, ఖాతా వివరాలు, ఏజెంటు అధికార పత్రం రాతపూర్వకంగా అడగాలి. బంధువు తన అప్పు కాగితంలో మన ఫోన్ నంబరు రాసినంత మాత్రాన మనం హామీదారులం కాము. ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక వసూలు ఫోన్లు చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. రుణసంస్థ 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. బెదిరిస్తే పోలీసులున్నారు.



— ఒక రైతు, అమరావతి